కౌజు పిట్టల దాణాలో పసుపు, మునగాకు మంచివే, ఎంత కలపాలో కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో వ్యవసాయం పేజీలో కౌజు పిట్టలకి సహజమైన దాణా అని ఒక వ్యాసం వేశారు. పసుపు, వెల్లుల్లి, మునగాకు, నల్ల జీలకర్ర ఇవన్నీ కలిపి పెడితే పిట్టలు త్వరగా పెరుగుతాయి, జబ్బులు రావు అని రాశారు. చదవడానికి బానే ఉంది గానీ పేజీ మొత్తం వెతికినా ఒక్క అంకె లేదండి. క్వింటా దాణాకి ఎంత పసుపు, వెల్లుల్లి పచ్చిదా పొడా, ఏ వయసు నుంచి మొదలుపెట్టాలి, ఎన్నాళ్ళు పెట్టాలి, అసలు ఏ దాణాలో కలపాలి, ఏమీ లేదు. మేము చెన్నై పక్కన రెడ్‌హిల్స్ అవతల చిన్న షెడ్డు వేసుకుని పిట్టలు పెంచుతున్నాం, ఇటు పొన్నేరి, గుమ్మిడిపూండి, ఊత్తుకోట వైపు కూడా తెలుగువాళ్ళు చాలామందే ఈ పనిలో ఉన్నారు, తమిళం మాట్లాడతారు గానీ చదవడం రాదు, అందుకని మీ పేపర్లో ఏది వస్తే అదే వేదం వాళ్ళకి. వ్యాసం వచ్చిన మర్నాడే మా పక్క షెడ్డు తమ్ముడు ఫోన్ చేసి అన్నా మునగాకు క్వింటాకి పది కిలోలు వేసేద్దామా, చెట్టు మనదే కదా, ఖర్చు లేదు అన్నాడు. ఆ ఫోన్ వల్లే ఈ ఉత్తరం.

ముందు ఒక మాట, నేను సహజమైన వాటికి వ్యతిరేకం కాదు. యాంటీబయాటిక్ బదులు ఇంకేదైనా వెతకాలనేది నూటికి నూరు పాళ్ళు కరెక్టే. జబ్బు లేకపోయినా బరువు కోసం దాణాలో యాంటీబయాటిక్ కలపడం యూరప్‌లో 2006 జనవరి నుంచే ఆపేశారు, మన దగ్గర కొలిస్టిన్ అనే మందుని 2019లో కేంద్రం జంతువులకీ కోళ్ళకీ వాడకుండా నిషేధించింది, ఎందుకంటే మనుషులకి ఇంక ఏ మందూ పనిచేయనప్పుడు డాక్టర్లు ఆఖరికి వాడేది అదే. కౌజు పిట్ట విషయంలో ఇది ఇంకా ముఖ్యం, ఎలాగంటే దాని బతుకే 5 వారాలు. 17, 18 రోజులకి గుడ్డులోంచి బయటికొచ్చి, ఎనిమిది గ్రాములో పది గ్రాములో ఉన్న పిల్ల 5 వారాలకి 200 గ్రాముల దగ్గరికి వచ్చి అమ్మకానికి వెళ్ళిపోతుంది, మరి నాలుగో వారంలో మందు వేస్తే అది ఒంట్లోంచి పోయే టైమ్ ఎక్కడుంది చెప్పండి? కాడై (తమిళంలో కౌజు పిట్ట) ఫ్రై తినే వాళ్ళ ప్లేట్లోకే పోతుంది. కాబట్టి పసుపు వైపు, వెల్లుల్లి వైపు రైతు చూడటం మంచిదే, చూడాలి కూడా.

కానీ మీ వ్యాసంలో వదిలేసిన అసలు సంగతి ఏంటంటే, ఈ పొడులన్నీ పప్పులో పోపు లాంటివి, కింద పప్పే లేకపోతే పోపు ఎంత ఘుమఘుమలాడినా కడుపు నిండదు. కౌజు పిల్లకి కావాల్సిన ప్రోటీన్ కోడిపిల్లకంటే ఎక్కువ. అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ వాళ్ళ 1994 లెక్క ప్రకారం పెరిగే పిట్టకి 24 శాతం, గుడ్డు పెట్టే పిట్టకి 20 శాతం, మన దగ్గర చాలామంది మొదటి మూడు వారాలు ఇంకా ఎక్కువే, 27 దాకా ఇవ్వమంటారు. ఇప్పుడు జనం ఏం పెడుతున్నారో చూడండి, కొట్లో దొరికే బ్రాయిలర్ దాణా బస్తా తెస్తారు, అందులో స్టార్టర్ అయితే 22, 23 ఉంటుంది, ఫినిషర్ అయితే 20 దగ్గరే ఉంటుంది, ఇంకొందరు గుడ్ల కోళ్ళకి పెట్టే మాష్ (పొడి దాణా) తెచ్చి పిట్టలకి పోస్తారు, అందులో 16 నుంచి 18. ఫినిషర్, మాష్ అయితే అక్కడే నాలుగు నుంచి ఎనిమిది శాతం తగ్గిపోయింది, ఇంక దాని మీద ఎన్ని పసుపులు చల్లినా బరువు ఎక్కడినుంచి వస్తుంది? ముందు దాణా బస్తా మీద ప్రోటీన్ ఎంతుందో చూసుకోండి, తక్కువుంటే సోయా చెక్క కలిపి సరిచేసుకోండి, ప్రోటీన్‌లో ముఖ్యమైన లైసిన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు ఉన్నాయో లేదో చూడండి, గింజ పెద్దగా ఉంటే మెత్తగా ఆడించండి, ఇవన్నీ అయ్యాక పసుపు సంగతి. ఈ వరసలో రాసుంటే మీ వ్యాసం కటింగ్ చేసి షెడ్డులో అంటించుకునేవాళ్ళం.

ఇప్పుడు మా తమ్ముడి మునగాకు లెక్క చెప్తాను. ఎండిన మునగాకు పొడిలో ప్రోటీన్ 25 శాతం అటూ ఇటూ, ఆకుల్లో అది చాలా ఎక్కువే, అందుకే అందరూ దాన్ని పొగుడుతారు. కానీ సోయా చెక్కలో 45 దాకా ఉంటుంది. క్వింటా దాణాలో పది కిలోల సోయా తీసేసి పది కిలోల మునగాకు వేస్తే నాలుగున్నర కిలోల ప్రోటీన్ పోయి రెండున్నర కిలోలు వచ్చింది, అంటే 24 శాతం ఉన్న దాణా 22 అయింది, పైగా పీచు పెరిగింది, అంత చిన్న పిట్ట కడుపులో పీచు నిండితే అసలు దాణాకి చోటుండదు. అందుకే ప్రయోగాలు చేసినవాళ్ళు ఎక్కువమంది 5 శాతం లోపే ఉంచుతారు, పది దాటితే పెరుగుదల తగ్గుతుందని చాలాచోట్ల చూశారు. రెండు, మూడు కిలోలతో మొదలుపెట్టు తమ్ముడూ అని చెప్పా. ఆకు నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెడితే విటమిన్ ఎ అయ్యే పదార్థం చాలావరకు పోతుంది, ఇంకోటి గుడ్డు సొన మంచి పసుపు రంగు రావాలంటే కూడా ఆ ఆకులోని రంగే పనికొస్తుంది, గుడ్లు అమ్మేవాళ్ళకి అదొక లాభం.

నీళ్ళ తొట్టిలో పెంచే అజొల్లా అనే నాచులాంటి మొక్క గురించి కూడా ఇలాగే మాట్లాడతారు, ప్రోటీన్ గని అంటారు. ఎండబెడితే నిజమే, 20 నుంచి 25 శాతం ఉంటుంది. కానీ తొట్టిలోంచి తీసిన పచ్చి అజొల్లాలో 90 శాతం పైనే నీళ్ళు, కిలో అజొల్లా ఎండితే చేతిలో మిగిలేది అరవై డెబ్బై గ్రాములు, అందులో ప్రోటీన్ పన్నెండు నుంచి పదిహేడు గ్రాములే. ఆవుకి బుట్టెడు వేస్తే తింటుంది, రోజుకి పాతిక గ్రాముల దాణా తినే పిట్ట ఎంతని తింటుంది?

పసుపు దగ్గరికి వద్దాం. పసుపులో పనిచేసేది కర్క్యుమిన్ అంటారు, అది రకాన్ని బట్టి 2 నుంచి 5 శాతం ఉంటుంది, కోళ్ళ మీద పిట్టల మీద చేసిన ప్రయోగాల్లో దాణాలో అర శాతం నుంచి ఒక శాతం దాకా పసుపు వాడటం మామూలు, అంటే క్వింటాకి అర కిలో నుంచి కిలో. పిట్ట 5 వారాల్లో తినేది మొత్తం అర కిలో దాణా అనుకోండి, కిలో లెక్కన కలిపితే ఒక్కో పిట్టకి జీవితం మొత్తానికి 5 గ్రాముల పసుపు. ఇంత చిన్న మోతాదు క్వింటా దాణాలో సమంగా కలవాలంటే ముందు రెండు మూడు కిలోల దాణాలో బాగా కలిపి, తర్వాత దాన్ని మొత్తంలో కలపాలి, పైన చల్లి పారతో రెండుసార్లు తిప్పితే ఒక మూల పిట్టలకి పసుపు, ఇంకో మూల పిట్టలకి ఒట్టి దాణా. కర్క్యుమిన్ ఒంటికి సరిగ్గా పట్టదు, కొంచెం మిరియాల పొడి ఉంటే బాగా పడుతుంది, అది మన పాలల్లో పసుపు మిరియాలు వేసుకునే పద్ధతే. కానీ దయచేసి బజార్లో రంగు మెరిసిపోయే చవక పసుపు పొడి తేకండి. పసుపులో లెడ్ క్రోమేట్ (సీసం ఉన్న రంగు), మెటానిల్ ఎల్లో అనే రంగులు కల్తీ చేస్తారనేది ఎప్పట్నుంచో ఉన్న సంగతే, సీసం వెళ్ళి పిట్ట కాలేయంలో, ఎముకల్లో చేరుతుంది, ఆరోగ్యం కోసం వేసిన పసుపుతో విషం పెట్టినట్టు. పసుపుకి పేరున్న ఈరోడ్ మన తమిళనాడులోనే ఉంది, కొమ్ములు తెచ్చి మిషన్లో ఆడించుకోండి, మాకు దుగ్గిరాల నుంచి చుట్టాలు పంపుతారు గానీ పిట్టలకి ఆ తేడా తెలియదు లెండి.

వెల్లుల్లి వేరే కథ. అందులో పనిచేసే అల్లిసిన్ పాయలో రెడీగా ఉండదు, దంచినప్పుడు పుడుతుంది, పుట్టాక వేడికి, గాలికి త్వరగా పోతుంది. కాబట్టి ఎప్పుడో ఆడించి డబ్బాలో పోసిన పొడికీ, పొద్దున దంచి కలిపిన వెల్లుల్లికీ పోలికే లేదు, వ్యాసంలో రెండూ ఒకటే అన్నట్టు రాశారు. గుడ్డు సొనలో కొలెస్ట్రాల్ తగ్గుతుందని కూడా ఢంకా బజాయించి రాశారు, కొన్ని ప్రయోగాల్లో తగ్గింది, కొన్నింట్లో ఏ తేడా రాలేదు, రెండూ రాయాలి కదండి. నల్ల జీలకర్ర ఇక్కడ చెన్నైలో ప్యారిస్ కార్నర్ దగ్గర నాటు మందుల కొట్లలో కరుంజీరగం అంటే ఇస్తారు, మంచిదే, ఖరీదు ఎక్కువ, లెక్క వేసుకుని వేయండి. వేపాకు చేదు వల్ల దాణా తినడం తగ్గించేస్తాయి, ఎక్కువ వేస్తే లాభం పోయి నష్టం.

పెరుగు, మజ్జిగ గురించి ఒకటి చెప్పాలి. ప్రోబయాటిక్ అంటే బతికున్న మంచి సూక్ష్మజీవులు, కడుపులో చేరి చెడ్డవాటికి చోటివ్వకుండా చేస్తాయి, పుట్టిన మొదటి రోజుల్లో ఇస్తే ఎక్కువ లాభం, ఎందుకంటే హేచరీ నుంచి వచ్చిన పిల్ల తల్లి దగ్గర పెరగలేదు, దాని కడుపులోకి మంచివి ఎక్కడినుంచీ రాలేదు. కానీ మన మెడ్రాస్ ఎండలో మజ్జిగ నీళ్ళు పొద్దున పోసి సాయంత్రం దాకా ఉంచితే ఆ గిన్నెలో పెరిగేది ఏదో దేవుడికే తెలియాలి, గంటా రెండు గంటల్లో తీసేసి గిన్నె కడగాలి. ఒక పక్క యాంటీబయాటిక్ వేస్తూ ఇంకో పక్క ప్రోబయాటిక్ వేసేవాళ్ళని కూడా చూశాం, వేసినదాన్ని వేసినట్టే చంపుకోవడం అది. పెల్లెట్ (గుళికల) దాణా తయారుచేసే వేడిలో పెరుగులో ఉండే లాక్టోబాసిల్లస్ లాంటి సూక్ష్మజీవి బతకదు, బాసిల్లస్ సబ్‌టిలిస్ లాంటివి బీజాలుగా ఉంటాయి కాబట్టి తట్టుకుంటాయి, కాబట్టి ప్యాకెట్ కొంటే ఏ జీవి ఉంది, గ్రాముకి ఎన్ని ఉన్నాయి, ఎప్పటిదాకా పనిచేస్తుంది చూడండి.

ప్యాకెట్ అన్నాను కదా, నా అసలు కోపం అక్కడే. ఈ మధ్య షెడ్ల చుట్టూ బైకు మీద తిరిగి హెర్బల్ గ్రోత్ పౌడర్, నేచురల్ టానిక్ అని అమ్మేవాళ్ళు ఎక్కువయ్యారు. మాకు ఒక కంపెనీ వాళ్ళు ఇచ్చిన డబ్బా మీద ఆకు బొమ్మ ఉంది, పిట్ట బొమ్మ ఉంది, లోపల ఏమేం ఉన్నాయో మాత్రం లేదు, అడిగితే సీక్రెట్ ఫార్ములా సార్ అన్నాడు ఆ అబ్బాయి. ఏముందో రాయనప్పుడు అందులో యాంటీబయాటిక్ లేదని నేను ఎలా నమ్మాలి, నా దగ్గర పిట్టలు కొనే హోటల్ ఆయనకి నేనేం చెప్పాలి? పేరు నేను రాయను, మీరూ వేయొద్దు, కానీ ఇలాంటి డబ్బాల ప్రకటనలు మీ పేపర్లో వ్యాసం పక్కనే వస్తున్నాయి, వేసే ముందు లోపలి సరుకు పేర్లు, మోతాదు డబ్బా మీద ఉన్నాయా అని ఒక్కసారి అడగండి.

పని చేస్తుందో లేదో ఎలా తెలుసుకోవాలి అని మావాళ్ళు అడుగుతుంటారు. ఒకే రోజు పొదిగిన పిల్లల్ని రెండు భాగాలు చేయండి, ఒకే దాణా, ఒకే చోటు, ఒక భాగానికి పొడి కలిపి ఇంకోదానికి కలపకుండా పెట్టి, వారం వారం పదేసి పిట్టల్ని బుట్టలో వేసి గ్రాముల కాటాలో తూచండి, తిన్న దాణా కూడా రాయండి, చచ్చినవి రాయండి. ఇందులో ఒక మోసం ఉంది, అది చాలామందికి తట్టదు. కోళ్ళలో పుంజు బరువు, కౌజు పిట్టల్లో ఆడది బరువు. పొడి వేసిన భాగంలో ఆడవి ఎక్కువ పడితే పొడి పనిచేసినట్టు కనిపిస్తుంది, నిజానికి పని చేసింది ఆడపిట్టలు. మూడో వారం దాటితే మామూలు రంగు పిట్టల్లో మగదాని ఎద ఇటుక రంగుకి వస్తుంది, ఆడదాని ఎద మీద నల్ల చుక్కలుంటాయి, అప్పుడు లెక్కపెట్టి ఆడా మగా వేరువేరుగా తూచండి. పంజరాలు అరల్లో పెట్టేవాళ్ళు పై అర ఒక భాగానికి, కింది అర ఇంకో భాగానికి ఇవ్వకండి, పైన వేడి, వెలుతురు ఎక్కువ. ఒకసారికి ఒకటే పొడి, నాలుగూ కలిపేస్తే దేనివల్ల ఏమైందో చెప్పలేం.

ఇంకో విషయం మీ వ్యాసంలో ఒక్క లైను కూడా లేదు, దాణా బూజు. ఐప్పసి, కార్తిక (తమిళ నెలలు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా) మాసాల్లో ఇక్కడ వాన మొదలైతే గోడలు కూడా చెమటలు పడతాయి, మొక్కజొన్న, వేరుశనగ చెక్క బస్తాలు నేల మీద గోడకి ఆనించి పెడితే అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం వస్తుంది, కంటికి కనిపించదు. కోళ్ళ దాణాలో 20 పీపీబీ లోపు ఉండాలంటారు, అంటే టన్ను దాణాలో 20 మిల్లీగ్రాములు, చిటికెలో చిటికె. కాలేయం దెబ్బతింటుంది, పెరుగుదల ఆగుతుంది, మనమేమో టానిక్ సరిపోలేదు అనుకుని ఇంకో డబ్బా కొంటాం. పసుపు ఆ విషం దెబ్బని కొంత తగ్గిస్తుందని కోళ్ళ మీద ప్రయోగాల్లో చూశారు గానీ, పసుపు వేశాం కదా అని బూజు దాణా పెట్టేయకండి. చెక్క పలకల మీద పెట్టండి, గోడకి జానెడు దూరం వదలండి, వానాకాలంలో రెండు వారాలకి సరిపడా కంటే ఎక్కువ కొనకండి. అనుమానం ఉంటే నామక్కల్‌లో వెటర్నరీ కాలేజీ వాళ్ళ దాణా పరీక్షల ల్యాబ్ ఉంది, శాంపిల్ పంపొచ్చు.

జబ్బు వస్తే మాత్రం పొడులతో ఆటలొద్దు. కౌజు పిట్టలకి పేగుల్లో పుండ్ల జబ్బు ఒకటుంది, క్లాస్ట్రీడియం కోలినమ్ అనే సూక్ష్మజీవి వల్ల, రెట్టల ద్వారా పాకుతుంది, ముందు ఈ పిట్టల్లోనే ఎక్కువ కనిపించింది కాబట్టి ఒకప్పుడు దాన్ని క్వెయిల్ డిసీజ్ అనే పిలిచేవాళ్ళు. రాత్రి బాగున్నవి పొద్దునకి పోతాయి. అప్పుడు వెల్లుల్లి దంచుకుంటూ కూర్చుంటే షెడ్డు ఖాళీ, చచ్చిన పిట్టని మాధవరంలో వెటర్నరీ యూనివర్సిటీకి తీసుకెళ్ళి పోస్ట్‌మార్టమ్ చేయించి డాక్టర్ చెప్పిన మందు వేయాల్సిందే, మందు వేస్తే ఎన్ని రోజులు అమ్మకూడదో కూడా ఆయన్నే అడగాలి. ఇక మొదటి వారంలో చచ్చే పిల్లల్లో చాలావరకు వేడి చాలక, లేదా నీళ్ళ గిన్నెలో మునిగి చస్తాయి, పిల్లలకి వేడినిచ్చే బ్రూడర్ కింద 35 డిగ్రీల దగ్గర ఉంచి గిన్నెలో గులకరాళ్ళు వేస్తే ఆపేయొచ్చు, దానికి ఏ మూలికా అక్కర్లేదు.

మెడ్రాసుకి ఈ పిట్ట కొత్త కాదు, జపాన్ కౌజు మన దేశానికి 1974లో వచ్చింది, ఇక్కడ నందనంలో వెటర్నరీ యూనివర్సిటీ వాళ్ళు పెంచి ఇచ్చిన రకానికి నందనం క్వెయిల్ అనే పేరు. అంటే లెక్కలు, మోతాదులు, దాణా ఫార్ములాలు అన్నీ మన ఊళ్ళోనే, మాధవరంలోనే ఉన్నాయి, ఉన్నది తమిళంలో, ఇంగ్లీషులో. మీ విలేఖరి ఒకరు బస్సెక్కి వెళ్ళి అడిగి తెలుగులో రాస్తే చాలు. రాసేటప్పుడు ప్రతి పొడి పక్కన క్వింటాకి ఎంత, ఏ వయసు నుంచి ఏ వయసు దాకా, ఎంత ప్రోటీన్ ఉన్న దాణా మీద చూశారు, పొడి లేని పిట్టలు ఎంత తూగాయి, ఈ నాలుగూ వేయండి. చోటు చాలకపోతే పిట్ట ఫోటో చిన్నది చేయండి, పోయినసారి అరపేజీ ఫోటోనే వేశారు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక కౌజు పిట్టల రైతు,
రెడ్‌హిల్స్ దగ్గర, చెన్నై